ఉడకబెట్టినా చావని ఈస్టు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే తర్వాత చెప్పబోయేదంతా ఆ కోపం చేసిన నిర్వాకమే. అందరికీ ముక్కు మీద ఉంటే నాకు నాలిక చివర ఉంటుందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆవిడ అన్నప్పుడల్లా నేను పోట్లాడతాను, దాంతో ఆవిడ మాటే నిజమవుతుంది.

నాకు పెళ్ళయిన మూడో నెలలో మా ఫ్యాక్టరీకి కొత్త మైక్రోస్కోపు వచ్చింది. ఫ్యాక్టరీ అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. బెజవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్తూ హైవే దిగి రెండు మలుపులు తిరిగితే ఒక రేకుల షెడ్డు, నాలుగు స్టీలు ట్యాంకులు, ఒక లాబ్, వెనక రెండు చిన్న క్వార్టర్లు, గేటు దగ్గర ఒక గన్నేరు చెట్టు. అంతే. బీరు తయారుచేసే కంపెనీలకి కావాల్సిన ఈస్టుని పెంచి, డ్రమ్ముల్లో నింపి పంపడం మా పని. బీరు మేం చెయ్యం. ఈ తేడా మా అత్తగారికి అర్థమయ్యేలా చెప్పడం నావల్ల కాలేదు. "పిండి పులియబెట్టే మందు కంపెనీలో చేస్తోంది" అని చెప్పి పెళ్ళి చేశారు మావాళ్ళు. ఆవిడ ఇంకాస్త కుదించి, "మా కోడలు ఇడ్లీపిండి కంపెనీలో ఆఫీసరండీ" అని అపార్ట్‌మెంటంతా చెప్పుకున్నారు. ఒకసారి పక్కింటావిడ పిండి పులవడం లేదని గిన్నె పట్టుకుని నా దగ్గరికొచ్చింది కూడా.

లాబ్‌లో నేను, అటెండరు సాయిబు గారు. మా ఇద్దరి మీదా మేనేజరు గారు. నేను చేరి ఏడాది కాలేదు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. సాయిబు గారు ఫ్యాక్టరీ పెట్టిన రోజు నుంచీ ఉన్నారు. గాజుసామాను కడగడం, ఆరబెట్టడం, ట్యాంకుల నుంచి శాంపిళ్ళు తేవడం ఆయన పని. వెనక క్వార్టర్లలో ఒకదాంట్లో భార్యతో ఉండేవారు. రిటైర్మెంటుకి ఇంకా పదినెలలుంది. పొట్టిగా, నెమ్మదిగా, ఎప్పుడూ సబ్బు వాసనతో ఉండే మనిషి. ఆయన చేతిలో గాజుగ్లాసు పగలడం నేనెప్పుడూ చూడలేదు. నా చేతిలో వారానికోటి పగిలేది.

కొత్త మైక్రోస్కోపు సంగతి ఇదీ. ఈస్టు చుక్కలో ఒక మందు కలుపుతాం. ప్రాణమున్న కణం ఆ మందుని లోపలికి తీసుకుని అరిగించుకుంటుంది. అప్పుడు నీలిరంగు వెలుతురు దాని మీద పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. చచ్చిన కణం మెరవదు, చీకట్లో చీకటిగా ఉండిపోతుంది. మెరిసేవెన్నో లెక్కపెడితే డ్రమ్ములో బతికున్న ఈస్టు ఎంతో తెలిసిపోతుంది. దీనికి చీకటి గది కావాలి కాబట్టి స్టోర్‌రూము ఖాళీ చేయించి, కిటికీకి నల్లగుడ్డ కట్టి, మధ్యలో బల్ల వేసి దాన్ని కూర్చోబెట్టారు. చాలా లక్షలు పోసి తెప్పించారు. మేనేజరు గారు ఆ గది ముందు చెప్పులు విడిచి లోపలికొచ్చేవారు.

అది వచ్చిన వారానికే దసరా. మా ఫ్యాక్టరీలో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. మోటార్లకీ పంపులకీ తూకం మిషనుకీ అన్నిటికీ పసుపు కుంకుమ, బంతిపూల దండ. ఆ సామానంతా మొదటి నుంచీ తెచ్చేది సాయిబు గారే. మంచి గుమ్మడికాయ ఏ కొట్లో దొరుకుతుందో, నిమ్మకాయలు ఎవరి దగ్గర తాజాగా ఉంటాయో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ ఏడాది కూడా పళ్ళెంలో అన్నీ సర్ది పట్టుకుని నిలబడ్డారు. మేనేజరు గారు పసుపులో వేలు ముంచి మైక్రోస్కోపు వైపు వస్తుంటే నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"దీని అద్దం మీద ధూళి పడితేనే పాడైపోతుందండీ. పసుపు పూస్తారా? ఇదేమన్నా రుబ్బురోలా?"

"ఒక్క బొట్టేనమ్మా, కింద బేసుకి పెడతాను."

"బేసుకీ వద్దు, వైరుకీ వద్దు. సైన్సంటే కాస్త గౌరవం ఉండాలి కదండీ!"

అలా ఓ పావుగంట ఉపన్యాసమిచ్చాను. మేనేజరు గారు మొహం మాడ్చుకుని, మూల పడున్న పాత మైక్రోస్కోపుకి బొట్టు పెట్టి, కొత్తదానికి దూరం నుంచే దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. సాయిబు గారు పళ్ళెం పట్టుకుని నన్నొకసారి, నా మెడనొకసారి చూసి, ఏదో అనబోయి ఊరుకున్నారు. నా ఉపన్యాసానికి ముగ్ధులయ్యారనుకున్నాను. మూర్ఖురాల్ని.

మెడ సంగతి కూడా చెప్పాలి. మా అత్తగారింటి పద్ధతి ప్రకారం ఐదో నెల వచ్చేదాకా సూత్రాలు బంగారు గొలుసులోకి మార్చకూడదు, పసుపుతాడుకే ఉండాలి. ఆ తాడుకి రోజూ స్నానమవగానే పసుపు పట్టించాలి. నేను బద్ధకించి ఊరికే తడిపి వచ్చేస్తానని ఆవిడకి అనుమానం. అందుకని తానే గిన్నెలో పసుపు ముద్దగా కలుపుకుని బాత్రూం బయట కాపు కాసేవారు. నేను తెల్లకోటు వేసుకుంటే పదింటికల్లా కాలరు పచ్చగా అయ్యేది. చేతులు పచ్చగా ఉంటే లాబ్‌లో స్పిరిట్‌తో తుడుచుకునేదాన్ని. తొడుగులు వేసుకుంటే గాజుబిళ్ళలు జారిపోతాయని నాకు చిరాకు, అవి వేసుకునేదాన్నే కాదు.

మొదటి లెక్క మొదలైంది. అబ్బ, ఏం మెరుపులో! నల్లటి చీకట్లో వందలకొద్దీ ఆకుపచ్చ గింజలు. ఒక్కటంటే ఒక్కటి చచ్చింది లేదు. మేనేజరు గారు వచ్చి చూసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూశారు. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నారు. వాళ్ళ తోడల్లుడు దాన్ని చూసి దీపావళి శుభాకాంక్షలు పంపాడట.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఏ ట్యాంకు చూసినా అంతా సజీవమే. నేను రిపోర్టుల మీద సంతకాలు పెట్టి డ్రమ్ములు పంపించేశాను.

తర్వాతి వారం ఫోను. మా దగ్గర ఈస్టు కొనే బీరు కంపెనీ వాళ్ళు. మీరు పంపిన ఈస్టు పనిచెయ్యట్లేదు, ట్యాంకులో వేస్తే బుడగ కూడా రావట్లేదు, చచ్చిన సరుకు పంపారని వాళ్ళ గోల. మేనేజరు గారు స్పీకరు పెట్టి మాట్లాడారు. ఆ మాటలు నాకిప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

"చూడండీ, మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా పిల్ల లక్షణంగా ఉంది. తిరిగింది, తిన్నది, మెరిసింది. ఫోటోలున్నాయి. మీ ఇంటికొచ్చాక ఏం చేశారో మీరు చెప్పాలి."

"పిల్లేంటండీ? ఈస్టండీ!"

"ఏదైతేనేం. పెంచిన చేతులు మావి. మీరు చల్లగా చూసుకోవాల్సింది. ఎండలో నిలబెట్టారా? తిండి పెట్టారా?"

"ఇక్కడికి వచ్చేసరికే చచ్చిందని చెప్తున్నాం కదండీ!"

"అంతేనండీ, అందరూ ఇట్టాగే చెప్తారు."

వాళ్ళు డ్రమ్ములు తిప్పి పంపేశారు. లారీ దిగిన డ్రమ్ముల్ని మేనేజరు గారు పుట్టింటికొచ్చిన కూతుర్ని చూసినట్టు చూశారు. సాయిబు గారు ఒక మూత తీసి వాసన చూసి, మొహం పక్కకి తిప్పుకున్నారు.

"ఇది పోయిందమ్మా. వాసన తెలిసిపోతోంది."

"మిషను బతికుందని చెప్తోంది కదండీ."

"మిషను సంగతి నాకు తెలీదమ్మా. ఇది మటుకు పోయింది."

"మీ ముక్కు ఎన్ని లక్షలండీ?" అన్నాను. ఎంత నీచంగా మాట్లాడానో ఆ క్షణంలో తెలియలేదు. ఆయన మూత బిగించి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఆ డ్రమ్ముల్లోంచి శాంపిల్ తీసి నేనే చూశాను. అంతా ఆకుపచ్చ మెరుపులే! మేనేజరు గారు ఎగిరి గంతేశారు. అక్కడ చచ్చినట్టు నటించి ఇంటికి రాగానే లేచి కూర్చుందన్నారు. ఇది ప్రాణం సమస్య కాదు, క్రమశిక్షణ సమస్య అని తేల్చారు. బతికే ఉంది, పనే చెయ్యట్లేదు. మరి అలాంటి వాళ్ళు మనుషుల్లో మాత్రం లేరా అని క్యాషియరు వైపు చూశారు. ఆ మధ్యాహ్నం ట్యాంకుల ముందు నిలబడి చాలాసేపు ఆలోచించి, ఈస్టుకి ఉత్సాహం రావడానికి షెడ్డులో సన్నాయి రికార్డు పెట్టించారు. రెండు రోజులు మేం కల్యాణమండపంలో ఉద్యోగం చేశాం.

బీరు కంపెనీ వాళ్ళు విసిగిపోయి, ఇంకో పరీక్ష అడిగారు. కాస్త ఈస్టుని బాగా ఉడకబెట్టి, దాన్ని కూడా మీ మిషన్లో చూసి చెప్పండి అన్నారు. ఉడికినది చావాలి కదా, చచ్చింది మెరవకూడదు కదా. న్యాయమైన మాటే. టీ కాచే స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు పోసి, అందులో సీసా పెట్టి, సాయిబు గారు అరగంట ఉడకబెట్టారు. చల్లారాక నేను చుక్క వేసి, మందు కలిపి, చీకటి గదిలో కూర్చుని కళ్ళు పెట్టాను.

అంతా ఆకుపచ్చ. ఒక్కటి కూడా చావలేదు.

నాకు చెమటలు పట్టాయి. మేనేజరు గారికి మాత్రం ఒళ్ళు పులకరించింది. "ఉడకబెట్టినా చావట్లేదు!" అని కేకేశారు. ఆయన కేకకి ట్యాంకుల దగ్గర పనివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. గంటలో ఆయన ఒక కరపత్రం నమూనా రాసేశారు. పైన పెద్దక్షరాల్లో 'అమర ఈస్టు'. కింద 'మరిగినా మరణించదు'. ప్రింటింగ్ ప్రెస్సుకి ఫోను చేస్తుంటే నేను చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

"ఆగండి సార్! ఉడికింది బతకదండీ. కోడిగుడ్డు ఉడకబెడితే పిల్ల వస్తుందా?"

"మరి మిషను అబద్ధం చెప్తుందా?" అన్నారాయన, నిజంగా బాధపడుతూ.

మళ్ళీ గదిలోకెళ్ళి, ఈసారి ఈస్టు లేకుండా ఉత్త నీళ్ళ చుక్క వేశాను. ఉత్త నీళ్ళు! అందులోనూ ఆకుపచ్చ గింజలు, గీతలు, మబ్బులు. అప్పుడు లైటు వేసి మిషనంతా వెతికాను. కళ్ళు ఆనించే రెండు గొట్టాల అంచున, గాజుబిళ్ళలుంచే పెట్టె మూత మీద, ఫోకస్ తిప్పే మరల మీద సన్నగా పచ్చటి మరక. వేలితో రుద్ది వాసన చూశాను. పసుపు. పసుపు నీలి వెలుతుర్లో మెరుస్తుంది. కాలేజీలో ఎప్పుడో చదువుకున్నదే. స్పిరిట్‌లో ఇంకా బాగా కరుగుతుంది కూడా. తుడిచినకొద్దీ అంతటా పాకింది. చచ్చిన కణాలు దాన్ని శుభ్రంగా పీల్చుకుని బతికున్నవాటిలా కూర్చున్నాయి.

ఎవరో నా మైక్రోస్కోపుకి పూజ చేశారు! నేనంత చెప్పినా, అడ్డంగా నిలబడినా, నా వెనకాల ఎవరో పసుపు పూశారు!

నా తల వేడెక్కిపోయింది. మేనేజరు గారికి ఆ గది తాళం లేదు. తాళం రెండు కాపీలే, ఒకటి నాది, ఒకటి సాయిబు గారిది. నేరుగా ఆయన సొరుగు లాగాను. లోపల కడిగిన బ్రష్షులు, సబ్బు, మడతపెట్టిన మెత్తటి తెల్లగుడ్డ. గుడ్డ విప్పితే నిండా పసుపు.

"ఇదేంటండీ?"

ఆయన గుడ్డ వైపు చూసి, తల దించుకున్నారు.

"మిషనుకి పసుపు పెట్టింది మీరేనా?"

ఆయన గుడ్డ కోసం చెయ్యి చాపారు.

"పండగ రోజు పళ్ళెం పట్టుకుని నిలబడ్డప్పుడే అనుకున్నాను! నేను వద్దంటే మీకు లెక్కలేదా? నా సంతకాలు పెట్టిన రిపోర్టులన్నీ బుట్టదాఖలేగా! నా ఉద్యోగం పోతే ఎవరిది బాధ్యత?"

నోటికొచ్చినట్టు తిట్టాను. షెడ్డు దాకా వినపడిందట. ఆయన "గుడ్డ ఇవ్వండమ్మా, ఉతికేస్తాను" అన్నారంతే. నేనివ్వలేదు, అది సాక్ష్యమన్నాను. కూర్చుని, పళ్ళు కొరుకుతూ, ఇంగ్లీషులో ఒక పేజీ ఫిర్యాదు రాసి మేనేజరు గారి బల్ల మీద పడేశాను. నెగ్లిజెంట్ అని రాశాను. సూపర్‌స్టిషస్ అని రాశాను. రెండోదాని స్పెల్లింగ్ ఫోన్లో చూసి మరీ రాశాను.

ఓ సాయిబు గారి మీద, దొంగతనంగా ఆయుధపూజ చేశారని నేరం మోపుతున్నానని నాకు తట్టనేలేదు. మేనేజరు గారికీ తట్టలేదు. బయటినుంచి చూస్తే ఎంత పిచ్చిగా ఉంటుందో గొడవలో ఉన్నవాళ్ళకి తెలియదు.

మర్నాడు శుక్రవారం. మేనేజరు గారు మెమో టైపు చేయించారు. తప్పు రుజువైతే సోమవారం నుంచి పనిలోకి రానక్కర్లేదు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సంజాయిషీ రాసిమ్మంటే సాయిబు గారు బయట గన్నేరు చెట్టు కింద బెంచీ మీద కూర్చుని, నెమ్మదిగా తెలుగులో అరపేజీ రాసి తెచ్చిచ్చారు. "రుజువు ముందు, సంజాయిషీ తర్వాత" అని మేనేజరు గారు దాన్ని చదవకుండానే ఫైల్లో పెట్టేశారు. ఓనరు గారికి ఫోటోలతో సహా పంపాలని ఆయన పట్టుదల. డ్రమ్ములన్నీ వెనక్కొచ్చాయి కాబట్టి ఎవరో ఒకరు దొరకాలి.

రుజువుకి ఆయన కనిపెట్టిన పద్ధతి ఏమిటంటే, క్యాషియరు దగ్గర దొంగనోట్లు పట్టుకునే దీపం ఒకటుంది. ఊదారంగు వెలుతురు వస్తుంది. పసుపు దాని కింద కూడా మెరుస్తుందని నేనే చెప్పాను, తెలివితేటలు ఊరుకోవు కదా. అందరూ భోజనాలు చేసి రండి, చీకటి గదిలో చేతులు పరీక్ష చేద్దామన్నారు. మధ్యాహ్నం రెండింటికి మేనేజరు గారు, క్యాషియరు, సాయిబు గారు, నేను, ఆ స్టోర్‌రూములో మైక్రోస్కోపు చుట్టూ నిలబడ్డాం. తలుపు మూశారు. నల్లగుడ్డ దింపారు. దీపం వెలిగింది.

ముందు నమూనాకి మేనేజరు గారు తన మీదే వేసుకున్నారు. ఓరి నాయనో! తెల్లచొక్కా నీలంగా భగ్గుమంది. కుడిచేతి ఐదు వేళ్ళూ పసుపుపచ్చగా వెలిగాయి. మీసం అంచున రెండు చుక్కలు. "పప్పు" అన్నారాయన గంభీరంగా. తర్వాత క్యాషియరు. వేళ్ళతో పాటు కుడిచెవి కూడా వెలుగుతోంది. "చెవి దురద పెట్టిందండీ" అని నసిగాడు. ఆంధ్రదేశంలో మధ్యాహ్నం రెండింటికి చేతికి పసుపులేని మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఆ పరీక్ష పెట్టిన మా తెలివికి దణ్ణం పెట్టాలి.

అప్పుడు సాయిబు గారు రెండు చేతులూ చాపారు. దీపం అరచేతుల మీదా, వేళ్ళ సందుల్లోనూ, గోళ్ళ మీదా తిరిగింది. ఏమీ లేదు. ఉత్త చేతులు. చీకట్లో చీకటిగా ఉన్నాయి. పొద్దున్నుంచీ ఆయన క్యారేజీ విప్పలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. లాబ్‌లో బల్ల కింద మూత బిగించినట్టే ఉంది.

"ఇంకోసారి చూద్దాం" అన్నారు మేనేజరు గారు నిరాశగా. ఇంకోసారి చూశారు. ఏమీ లేదు. "సరే, రికార్డు కోసం మీది కూడా చూద్దామమ్మా" అని దీపం నా వైపు తిప్పారు.

క్యాషియరు కెవ్వున అరిచాడు. "అమ్మోరు తల్లీ!"

మేనేజరు గారు ఒక అడుగు వెనక్కి వేసి, దీపం వదలకుండానే రెండు చేతులూ జోడించారు. నాకేమీ అర్థం కాలేదు.

"ఏమైందండీ? ఏమైందో చెప్పండి!"

క్యాషియరు వణుకుతూ ఫోటో తీసి ఫోను నాకిచ్చాడు. అందులో మొహం కనపడటం లేదు. చీకట్లో రెండు కనురెప్పలు మాత్రం పసుపుపచ్చగా వెలుగుతున్నాయి. రెండు బొటనవేళ్ళు, రెండు చూపుడువేళ్ళు. మెడ చుట్టూ ఒక గీత. గుండె దగ్గర రెండు చిన్న మచ్చలు.

దీపం మైక్రోస్కోపు మీదకి తిరిగింది. కళ్ళు ఆనించే గొట్టాల చుట్టూ రెండు వెలిగే గుండ్రాలు. అచ్చం నా రెండు కళ్ళ మధ్య ఉన్నంత దూరంలో.

అప్పుడు తెలిసింది. ఆ చీకటి గదిలో కూర్చుని మొదటి చుక్క వేసేముందు నాకు రోజూ భయం వేసేది. అంత ఖరీదైన మిషను, నేను కొత్త, తప్పు పోతే ఎలాగ అని. చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయేది. సూత్రాలు బయటికి తీసి, రెండు కళ్ళకీ అద్దుకుని, అదే చేత్తో గాజుబిళ్ళ తీసి, అవే కళ్ళు గొట్టాలకి ఆనించేదాన్ని. ఎప్పుడు అలవాటైందో తెలియదు. చేస్తున్నానని కూడా తెలియదు. సైన్సంటే గౌరవం ఉండాలని ఉపన్యాసమిచ్చిన మనిషిని, రోజూ పొద్దున్నే మిషనుకి పూజ చేస్తున్నది నేనే.

"నేనేనండీ, పూసింది నేనే" అన్నాను.

మేనేజరు గారు లైటు వేశారు. నా కాలరు చూశారు, మెడలో తాడు చూశారు, కళ్ళు చూశారు. మెల్లగా నవ్వడం మొదలుపెట్టి, చివరికి గోడ పట్టుకుని నవ్వారు. క్యాషియరు నేల మీద కూర్చుండిపోయాడు.

"అమ్మా, తాళికి మెమో ఇస్తామా ఎక్కడన్నా! శుభమా అని. ఫైలు మూసేద్దాం. ఓనరు గారికి నేను సర్ది చెప్తాను, మిషను కొత్త కదా, అలవాటు పడుతోందని." గేటు మనిషిని పిలిచి, "హోటల్లో పులిహోర పట్రా, పీడ విరగడైంది" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. అదే పసుపు ఆయన చేతిదని తేలితే సోమవారం ఇల్లు ఖాళీ చెయ్యాలి. నా మెడలోదని తేలితే పులిహోర. నాకు ఒంటి మీద కారం పూసినట్టయింది.

సాయిబు గారు అప్పటికే లాబ్‌లోకెళ్ళి గ్లాసులు సర్దుకుంటున్నారు. నేను వెనకే వెళ్ళాను.

"మీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే చూశానమ్మా. మిషన్లో చూసేముందు కళ్ళకద్దుకుంటారు."

"మరి ఆ గుడ్డ?"

"సాయంత్రం మీరెళ్ళాక తుడిచేవాణ్ణి. పొద్దున్నే మళ్ళీ అంటేది."

"ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!" అని అరిచాను. చూడండి, అప్పుడు కూడా కోపమే వచ్చింది నాకు.

"ఎట్టా చెప్పనమ్మా? కొత్తగా పెళ్ళైన ఆడపిల్లతో, మెడలో తాడు లోపలికి తోసుకోమని నేనెట్టా అంటాను? ఎట్టా చెప్పాలా అని మా ఇంటిదాన్ని అడిగా. చెప్పమాక, తుడువు అంది."

పులిహోర వచ్చింది. గిన్నెలో తెచ్చారు కానీ ప్లేట్లు లేవు. మేనేజరు గారు ఇక అక్కర్లేని ఫైల్లోంచి కాగితాలు చించి, తలా ఒక ముద్ద పెట్టి, తనే పంచారు. మంచి మూడ్‌లో ఉన్నారు. లాబ్ గట్టు మీద నేనూ సాయిబు గారూ ఎదురెదురుగా నిలబడి తినడం మొదలుపెట్టాం. ఆయన ఆకలిగా తింటున్నారు. నాకు సహించట్లేదు. ముద్ద పక్కకి జరిపాను. కింద తెలుగు అక్షరాలు, నూనెతో తడిసి, వంకరలు లేకుండా.

'మేనేజరు గారికి నమస్కరించి రాయునది. మిషనుకి పసుపు పెట్టింది నేనే. దసరాకి పెట్టనివ్వలేదని మనసూరుకోక రోజూ పెట్టాను. మేడమ్ గారికి ఇందులో ఏమీ సంబంధం లేదు. ఆమె ఉద్యోగానికి కొత్త, పెళ్ళయి మూడు నెలలు కూడా నిండలేదు, తనకి చెడ్డపేరు రాకూడదు. సోమవారం నుంచి నేను రాను. క్వార్టరు ఖాళీ చెయ్యడానికి పదిరోజులు టైమివ్వవలసిందిగా కోరుతున్నాను.'

రెండుసార్లు చదివాను. తలెత్తితే ఆయన చేతిలో కాగితం మీద నా దస్తూరీ. ఇంగ్లీషులో, కోపంగా, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసిన అక్షరాలు. సూపర్‌స్టిషస్ అన్నచోట వేరుశనగపప్పు ఒకటి అంటుకుని ఉంది.

"సాయిబు గారూ, మీ చేతిలోది నేను రాసిందే. మీ మీదే." ఏడుపు వచ్చేసింది. "నన్ను క్షమించండి. నేను చాలా చెడ్డగా మాట్లాడాను."

"నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా" అన్నారాయన. ఆఖరి ముద్ద తిని, కాగితాన్ని నూనె లోపలికుండేలా నాలుగు మడతలు పెట్టి, రెండో చెయ్యి నా వైపు చాపారు. "మీదీ ఇటివ్వండి, కలిపి పారేసొస్తా."

నేనివ్వలేదు. ఆయన కాసేపు చెయ్యి అలాగే చాపి ఉంచి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. మిషను ముట్టుకునేముందు చేతులతో పాటు మొహం కూడా కడుక్కోమని నాకు చెప్పి, గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయారు.